పీరియడ్స్‌కి ముందు వచ్చే బాధకు ఏది వాడాలి? కాల్షియం, హోమియో, ఇంగ్లీషు మందులు: ఒక పోలిక

డేట్‌కి వారం, పది రోజుల ముందు నుంచి ఒళ్ళు బరువెక్కుతుంది. కడుపు ఉబ్బరం, రొమ్ముల్లో సలుపు, తల భారం. చిన్న మాటకే కోపం వస్తుంది, లేదంటే కారణం తెలియకుండా ఏడుపు తన్నుకొస్తుంది. పీరియడ్స్ మొదలైన రెండు మూడు రోజుల్లో ఇవన్నీ తగ్గిపోతాయి. మళ్ళీ వచ్చే నెల అదే వరస. దీన్ని పీఎంఎస్ (ప్రీమెన్‌స్ట్రువల్ సిండ్రోమ్) అంటారు.

ఏం చేయాలని అడిగితే తలా ఒక మాట చెబుతారు. అమ్మ నువ్వులుండ తినమంటుంది. పక్కింటావిడ తనకు హోమియోతో తగ్గిందంటుంది. మందుల షాపులో బి-కాంప్లెక్స్ ఇస్తారు. గైనకాలజిస్ట్ గర్భనిరోధక మాత్రలు (పిల్స్) రాస్తారు, లేదా డిప్రెషన్‌కి వాడే మాత్ర రాస్తారు. ఆ చీటీ చూసి ఇంట్లో అందరికీ టెన్షన్. వీటిలో ఏది ఎవరికి పనికొస్తుందో, ఏది ఎంతవరకు నమ్మవచ్చో వివరంగా చూద్దాం.

ముందు ఇది పీఎంఎస్సేనా?

మందు ఎంచుకునే ముందు ఈ ప్రశ్న తేలాలి. రక్త పరీక్షతో ఇది తేలదు. పీఎంఎస్ ఉన్నవాళ్ళలో హార్మోన్లు మిగతావాళ్ళలో ఉన్నంతే ఉంటాయి. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పెరిగి, తర్వాత తగ్గుతుంది. ఆ ఎగుడుదిగుళ్ళకు కొందరి మెదడు ఎక్కువగా స్పందిస్తుంది. మూడ్‌ని నిలకడగా ఉంచే సెరటోనిన్ వ్యవస్థ మీద ఆ ప్రభావం పడుతుంది. అందుకే 'నీ హార్మోన్ రిపోర్టులన్నీ నార్మల్, నీకేం లేదు' అని ఎవరైనా అంటే ఆ మాట పట్టించుకోకండి. రిపోర్టు నార్మల్‌గానే వస్తుంది, బాధ మాత్రం నిజం. 1931లో అమెరికన్ డాక్టర్ రాబర్ట్ ఫ్రాంక్ దీని గురించి రాశారు. 1953లో బ్రిటన్‌లో కాథరినా డాల్టన్, రేమండ్ గ్రీన్ దీనికి ఇప్పుడున్న పేరు పెట్టారు. అంటే ఇది ఈ తరం ఆడపిల్లలు కొత్తగా తెచ్చుకున్న 'సుకుమారం' కాదు.

దీన్ని తేల్చేది క్యాలెండరే. మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టే ఐదారు లక్షణాలు ఎంచుకోండి. రోజూ రాత్రి పడుకునే ముందు ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కు వేయండి. పీరియడ్స్ వచ్చిన రోజుల్ని గుర్తు పెట్టండి. రెండు నెలలు ఇలా రాస్తే చాలు. గుర్తున్నదాన్ని బట్టి చెప్పడం వేరు, ఏ రోజుది ఆ రోజు రాయడం వేరు. డాక్టర్లు కూడా రెండు నెలల డైరీ చూశాకే పీఎంఎస్ అని చెప్పాలి.

పీరియడ్స్ అయిపోయాక కనీసం ఒక వారం హాయిగా ఉండి, ఆ తర్వాత మాత్రమే బాధ మొదలవుతుంటే అది పీఎంఎస్. నెలంతా దిగులుగా ఉండి, డేట్ ముందు ఇంకా ఎక్కువవుతుంటే అసలు సమస్య డిప్రెషనో, ఆందోళనో, మరొకటో కావచ్చు. మైగ్రేన్, ఆస్తమా కూడా ఇలాగే డేట్ ముందు ముదురుతుంటాయి. అప్పుడు వైద్యం చేయాల్సింది ఆ జబ్బుకి. నీరసమే ప్రధానమైతే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తం తక్కువగా ఉన్న చోట ప్రతి నీరసాన్నీ పీఎంఎస్ లెక్కలో వేయకూడదు.

బ్లీడింగ్ రోజుల్లో వచ్చే పొత్తికడుపు నొప్పి వేరే విషయం. దానికి మెఫెనమిక్ యాసిడ్ లాంటి నొప్పి మాత్రలున్నాయి. ఆ నొప్పి ఏటికేడు పెరుగుతుంటే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) ఉందేమో డాక్టర్‌తో చూపించుకోవాలి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి?

మీ బాధ ఎక్కువగా ఒంట్లోనా, మనసులోనా అన్నది మొదట చూసుకోండి. తర్వాత దాని తీవ్రత. పనులు సాగుతూ చిరాగ్గా ఉండటం ఒక స్థాయి. ఉద్యోగానికి సెలవు పెట్టాల్సి రావడం, పిల్లల మీద చేయి చేసుకోవడం, భర్తతో బంధం తెగేదాకా రావడం, చచ్చిపోవాలనిపించడం ఇంకో స్థాయి. ఈ రెండో స్థాయిని పీఎండీడీ (ప్రీమెన్‌స్ట్రువల్ డిస్ఫోరిక్ డిజార్డర్) అంటారు. నూటికి ముగ్గురి నుంచి ఎనిమిది మందిలో ఇది ఉంటుందని అంచనా. 2013 నుంచి అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణలో దీనికి విడిగా చోటుంది. మూడోది, త్వరలో గర్భం కావాలా, వద్దా అన్నది. దీన్ని బట్టి సగం మందులు జాబితాలోంచి పోతాయి.

నాలుగోది రుజువు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మోసపోయేది ఇక్కడే. 1998లో అమెరికాలో కాల్షియం మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది. సగం మందికి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం, మిగతా సగానికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మూడో నెలకి కాల్షియం వాడినవాళ్ళలో లక్షణాలు 48 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళలోనూ 30 శాతం తగ్గాయి! మందు వేసుకుంటున్నామన్న ధీమా, ఎవరో పట్టించుకుంటున్నారన్న ఊరట పీఎంఎస్‌లో బాగా పనిచేస్తాయి. పైగా మనం మందు కోసం వెళ్ళేది బాధ అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న నెల తర్వాత. ఏమీ చేయకపోయినా ఆ తర్వాతి నెల కొంచెం మెరుగ్గా ఉండే అవకాశమే ఎక్కువ. అందుకే 'నాకు దీనితో తగ్గింది' అన్న మాట నిజమే అయినా, తగ్గించింది ఆ మందేనని దాంతో తేలదు.

| మార్గం | ఏ బాధకు | రుజువు | ఎన్నాళ్ళు చూడాలి | జాగ్రత్త |
|---|---|---|---|---|
| నడక, నిద్ర, తిండి మార్పు | తేలికపాటి పీఎంఎస్, ఉబ్బరం | ఓ మాదిరి | 2-3 నెలలు | దాదాపు లేదు |
| కాల్షియం | ఒళ్ళు, మనసు రెండింటికీ | బాగుంది | 3 నెలలు | కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు |
| విటమిన్ బి6 | చిరాకు, దిగులు | బలహీనం | 2-3 నెలలు | మోతాదు మించితే నరాలకు హాని |
| హోమియో | రుజువైన లక్షణం లేదు | నమ్మదగ్గది లేదు | 3 నెలలు దాటొద్దు | అసలు వైద్యం ఆలస్యం కావడం |
| డ్రోస్పైరినోన్ అనే హార్మోన్ మందు ఉన్న పిల్స్ | ఒళ్ళు, మనసు. గర్భం వద్దనుకునేవాళ్ళకు | బాగుంది | 3 నెలలు | రక్తం గడ్డలు, బీపీ, మైగ్రేన్ |
| ఎస్ఎస్ఆర్ఐ మాత్రలు (డిప్రెషన్‌కి వాడే రకం) | తీవ్రమైన కోపం, దిగులు | చాలా బలంగా ఉంది | 1-2 నెలలు | వికారం, లైంగిక ఆసక్తి తగ్గడం |
| కౌన్సెలింగ్ (సీబీటీ: ఆలోచనా తీరును, అలవాట్లను మార్చుకునే పద్ధతి) | మనసు బాధ, ఇంట్లో గొడవలు | బాగుంది | 2-3 నెలలు | మంచి థెరపిస్ట్ దొరకాలి |

తిండి, నడక

రోజూ అరగంట చురుగ్గా నడవడం, సరిపడా నిద్ర, డేట్ ముందు వారంలో ఊరగాయ, అప్పడాలు, చిప్స్ తగ్గించడం, టీ కాఫీలు రెండు కప్పులకు మించకుండా చూసుకోవడం. వీటికి ఖర్చు లేదు, నష్టం లేదు. ఎవరైనా మొదలుపెట్టవచ్చు. తీవ్రమైన బాధ ఉన్నవాళ్ళకు మాత్రం ఇవి చాలవు. అలాంటి మనిషికి 'యోగా చేయి, పోతుంది' అని చెప్పి పంపేయడం అన్యాయం.

కాల్షియం, బి6

మొదటి మందు ఏది అని అడిగితే నా ఓటు కాల్షియానికే. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, గర్భం కోసం ప్రయత్నిస్తున్నా వాడవచ్చు, రుజువు కూడా ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని చెప్పింది. మన భోజనంలో అంత అందడం తక్కువ. గ్లాసు పాలలో సుమారు 240, వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములుంటుంది. పొట్టు తీయని నువ్వుల్లో వంద గ్రాములకు వెయ్యికి పైనే. పెద్దమనిషైన పిల్లకు చిమ్మిలి పెట్టే ఆనవాయితీ ఈ లెక్కలో మంచిదే. కానీ రోజుకు వంద గ్రాముల నువ్వులు ఎవరూ తినలేరు, పొట్టులోని ఆక్సలేట్ల వల్ల ఆ కాల్షియం అంతా ఒంటికి పట్టదు కూడా. రాగి జావ, పెరుగు, పాలతో కొంత సర్దుకుని, తగ్గినదానికి 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటో రెండో వేసుకోవడం సులువైన పద్ధతి.

కాల్షియం కార్బొనేట్ మాత్ర భోజనం తర్వాత వేసుకోవాలి. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదు, ఐరన్ ఒంటికి పట్టదు. ఒకటి మధ్యాహ్నం, ఒకటి రాత్రి పెట్టుకోండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు నాలుగు గంటల తేడా ఉంచాలి. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకండి.

బి6 గురించి ఒక్క హెచ్చరిక. విటమినే కదా అని రోజుకు రెండు మూడు మాత్రలు నెలల తరబడి మింగేవాళ్ళున్నారు. మోతాదు ఎక్కువైతే అరికాళ్ళు, వేళ్ళు తిమ్మిరెక్కి నరాలు దెబ్బతింటాయి. రోజుకు 100 మిల్లీగ్రాముల వరకు పీఎంఎస్‌కి కొంత ఉపయోగపడవచ్చని అధ్యయనాల సమీక్షలో తేలింది. అంతకన్నా తక్కువతో సరిపెట్టుకోవడమే మంచిది. తిమ్మిరి కనిపిస్తే వెంటనే ఆపేయాలి.

హోమియో

మన ఊళ్ళలో హోమియో అంటే నమ్మకం ఎక్కువ. రామంతాపూర్‌లో, గుడివాడలో ప్రభుత్వ హోమియో కాలేజీలున్నాయి, బీహెచ్ఎంఎస్ చదివిన డాక్టర్లు చిన్న పట్టణాల్లో కూడా ఉన్నారు. పీఎంఎస్‌కి అక్కడికే వెళ్ళే ఆడవాళ్ళు చాలామంది. దానికి కారణం నాకు అర్థమవుతుంది. మంచి హోమియో డాక్టర్ మిమ్మల్ని కూర్చోబెట్టి చాలాసేపు అడుగుతారు. నిద్ర ఎలా ఉంది, దాహం ఎక్కువా, ఎవరైనా ఓదారిస్తే ఊరటా చిరాకా, మనసులో దాచుకున్న బాధేమైనా ఉందా అని. 'అందరికీ ఉండేదేగా, నీకే వింతా' అన్న మాట ఇంట్లో వినీ వినీ వచ్చిన మనిషికి అలా వినేవాళ్ళు దొరకడం చిన్న విషయం కాదు. ఐదు నిమిషాల్లో చీటీ రాసి పంపే మిగతా డాక్టర్లు ఇది నేర్చుకోవాలి.

ఆ జవాబులను బట్టి మందు ఇస్తారు. ఊరికే కన్నీళ్ళు పెట్టుకుంటూ ఎవరైనా పక్కనుండాలనుకునేవాళ్ళకు పల్సటిల్లా. కట్టుకున్నవాడి మీదా పిల్లల మీదా విసుగు పుట్టి, పొత్తికడుపు కిందికి జారుతున్నట్టు ఉండేవాళ్ళకు సెపియా. బాధ లోపలే దాచుకుని, ఉప్పు తినాలనిపించేవాళ్ళకు నేట్రమ్ మూర్. మాటలు ఎక్కువై, మెడ దగ్గర బిగుతు ఓర్చుకోలేక, బ్లీడింగ్ మొదలవగానే తేలికపడేవాళ్ళకు లాకెసిస్. చదువుతుంటే 'అచ్చం నా గురించే' అనిపిస్తుంది. కానీ ఆ చివరి గుర్తును ఒక్కసారి చూడండి. బ్లీడింగ్ మొదలవగానే తేలికపడటం పీఎంఎస్ ఉన్న దాదాపు ప్రతి ఒక్కరికీ ఉంటుంది. పీఎంఎస్‌ని గుర్తించేదే దాంతో కదా!

ఇక గోళీల్లో ఏముంటుంది? 30సీ అంటే అసలు పదార్థాన్ని వందోవంతు చొప్పున ముప్పైసార్లు పలచన చేయడం. 1 పక్కన 60 సున్నాలు పెడితే వచ్చే సంఖ్య అంత పలచన. సుమారు 12సీ దాటాకే అసలు పదార్థపు అణువు ఒక్కటి కూడా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. 200 పొటెన్సీలో ఇక చెప్పేదేముంది. పీఎంఎస్ మీద హోమియో అధ్యయనాలు కొన్ని ఉన్నాయి. 2001లో ఇజ్రాయెల్‌లో జరిగిన ఒక ప్రయత్నంలో హోమియో వాడినవాళ్ళకు మెరుగ్గా ఉందని వచ్చింది. కానీ అందులో పాల్గొన్నది ఇరవై మంది. పైన చెప్పిన కాల్షియం అధ్యయనంలో 460 మందికి పైగా ఉన్నారు. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి హోమియో మీద ఉన్న అధ్యయనాలన్నీ వడపోసి, ఏ జబ్బుకైనా ఇది పనిచేస్తుందని చెప్పే నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది. 2017లో ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సేవ హోమియో మందులు రాయవద్దని తన డాక్టర్లకు చెప్పింది. మన దేశంలో ప్రభుత్వ గుర్తింపు ఉంది. గుర్తింపు అంటే ఆ వైద్యం చేయడానికి అనుమతి. పీఎంఎస్ తగ్గుతుందన్న హామీ అందులో లేదు.

నా అభిప్రాయం ఇది. బాధ తేలికగా ఉండి, హోమియో మీద మీకు నమ్మకముంటే వాడండి, ఉత్తుత్తి మాత్రతో వచ్చే ఊరట కూడా ఊరటే. కానీ కొన్ని షరతులు పెట్టుకోండి. మందు పేరు, పొటెన్సీ కాగితం మీద రాయించుకోండి. పేరు లేని సీసాలు తీసుకోవద్దు. డైరీ ఆపకండి, మూడు నెలల తర్వాత మార్కులు పోల్చి చూడండి, తేడా లేకపోతే మానేయండి. 'మందు పనిచేసే ముందు బాధ పెరుగుతుంది' అని చెబితే విని ఊరుకోకండి. బాధ పెరిగితే వేరే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. థైరాయిడ్, బీపీ, డిప్రెషన్ మందులు వాడుతుంటే హోమియో కోసం వాటిని ఆపవద్దు. మదర్ టింక్చర్ అంటే మాత్రం లెక్క వేరు. అందులో మూలిక సారం, ఆల్కహాల్ నిజంగానే ఉంటాయి. గర్భం అనుమానం ఉంటే దాని జోలికి పోకండి.

పీఎండీడీ ఉన్నవాళ్ళు హోమియో ఒక్కదాని మీద ఆధారపడటం నాకు భయం కలిగిస్తుంది. అక్కడ పోయే నెలలు వెనక్కి రావు.

మూలికలు

యూరప్‌లో పీఎంఎస్‌కి వైటెక్స్ ఆగ్నస్ కాస్టస్ అనే మొక్క పండ్ల సారం వాడతారు. దానికి కొంత రుజువు ఉంది. మన వావిలి దాని దాయాది మొక్క, వైటెక్స్ నెగుండో. రెండూ ఒకటి కావు, కాబట్టి వావిలాకు కషాయం తాగితే అదే ఫలితం వస్తుందనుకోవద్దు. గర్భం కోసం ప్రయత్నించేవాళ్ళు, పిల్స్ వాడేవాళ్ళు ఆ వైటెక్స్ కూడా వాడకూడదు. ఈవినింగ్ ప్రిమ్‌రోజ్ నూనె గుళికలు మన డాక్టర్లు రొమ్ము నొప్పికి తరచుగా రాస్తారు. ఖరీదు ఎక్కువ, రుజువు తక్కువ. అశోకారిష్టం లాంటి అరిష్టాల్లో పులియడం వల్ల వచ్చే ఆల్కహాల్ ఉంటుందని గుర్తుంచుకోండి.

పిల్స్

గర్భం వద్దనుకునేవాళ్ళకు ఒకే మాత్రతో రెండు పనులూ జరుగుతాయి. అన్ని పిల్స్ ఒకేలా పనిచేయవు. 3 మిల్లీగ్రాముల డ్రోస్పైరినోన్, 20 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్ ఉన్న, 24 రోజులు మందు మాత్ర, 4 రోజులు ఖాళీ మాత్ర పద్ధతిలో వచ్చేదానికి పీఎండీడీ మీద రుజువు ఉంది. 2006లో అమెరికాలో దీనికి అనుమతి కూడా వచ్చింది. కళ్ళ ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, బీపీ, గతంలో రక్తం గడ్డ కట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు, 35 దాటి సిగరెట్ తాగేవాళ్ళు వీటిని వాడకూడదు. పెళ్ళికాని పిల్లలకు పిల్స్ రాస్తే ఇంట్లో గొడవవుతుంది. వాడినంత మాత్రాన తర్వాత పిల్లలు పుట్టకుండా పోరు. ఆ భయం అక్కర్లేదు.

ఇక్కడే ఇంకో మాట. వ్రతానికో, తిరుపతి ప్రయాణానికో డేట్ వాయిదా వేయడానికి నోరెథిస్టిరాన్ మాత్రలు వేసుకోవడం మనకు మామూలే. పీఎంఎస్ ఉన్నవాళ్ళకు ఆ రోజుల్లో ఉబ్బరం, దిగులు ఎక్కువయ్యే అవకాశముంది. గతంలో అలా జరిగి ఉంటే మళ్ళీ షాపులో కొని వేసుకోకుండా డాక్టర్‌కి చెప్పండి.

డిప్రెషన్ మందు అనగానే భయపడకండి

కోపం, దిగులు, నిరాశ తీవ్రంగా ఉన్నవాళ్ళకు అన్నిటికన్నా గట్టి రుజువు ఉన్నది ఫ్లూక్సెటిన్, సెర్ట్రాలిన్ లాంటి ఎస్ఎస్ఆర్ఐ మందులకే. 2000లోనే ఫ్లూక్సెటిన్‌కి పీఎండీడీ కోసం అమెరికాలో అనుమతి వచ్చింది. డిప్రెషన్‌లో ఇవి పనిచేయడానికి వారాలు పడుతుంది. పీఎంఎస్‌లో కొన్ని రోజుల్లోనే తేడా కనిపిస్తుంది. అందుకే నెలంతా వేసుకోవాల్సిన అవసరం చాలామందికి ఉండదు. డేట్‌కి పద్నాలుగు రోజుల ముందు మొదలుపెట్టి, పీరియడ్స్ రాగానే ఆపే పద్ధతి కూడా ఉంది. ఫ్లూక్సెటిన్ 20 మిల్లీగ్రాములు మామూలు మోతాదు. జనరిక్ మందు చవక.

మొదట్లో వికారం, నిద్రలో తేడా ఉండవచ్చు. లైంగిక ఆసక్తి తగ్గడం కొందరికి పెద్ద ఇబ్బంది. డాక్టర్‌కి మొహమాటం లేకుండా చెబితే మందు మార్చవచ్చు. పాతికేళ్ళ లోపువాళ్ళను మొదటి వారాల్లో దగ్గరుండి గమనించాలి. బైపోలార్ (అతి ఉత్సాహం, దిగులు మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్ళు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళు ముందే చెప్పాలి. ఈ చీటీ చూసి 'నీకు పిచ్చి మందులు రాశారు' అనేవాళ్ళుంటే, ఇవి పిచ్చికి ఇచ్చే మందులు కావని, నెలలో సగం రోజులు వేసుకునే మాత్రలని చెప్పండి.

డేట్ ముందు రోజుల్లో చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఈ పోలికలన్నీ పక్కన పెట్టండి. 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్, ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. వెంటనే సైకియాట్రిస్ట్‌ని కలవండి.

మీరు ఎక్కడున్నారు?

హాస్టల్లో ఉంటూ పరీక్షల ముందు చిరాకుతో సతమతమయ్యే అమ్మాయికి డైరీ, నడక, కాల్షియంతో మొదలుపెట్టడం సరిపోతుంది. మూడు నెలలకు తగ్గకపోతే డాక్టర్.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళకు పిల్స్, మూలికలు రెండూ వద్దు. కాల్షియం, కౌన్సెలింగ్ మీద దృష్టి పెట్టాలి. కౌన్సెలింగ్‌లో సీబీటీ అనే పద్ధతి పీఎంఎస్‌కి పనికొస్తుంది. భర్త కూడా ఒకటి రెండు సార్లు వస్తే ఇంకా మంచిది. ఇంట్లో 'ఈ వారం నాకు కష్టంగా ఉంటుంది, పెద్ద విషయాలేవైనా ఉంటే వచ్చే వారం మాట్లాడుకుందాం అత్తయ్యా' అని ముందే చెప్పడం ఎలాగో కూడా అక్కడ నేర్చుకోవచ్చు.

పిల్లలు చాలనుకున్న ముప్పైల్లోని ఉద్యోగినికి, బీపీ, మైగ్రేన్ లేకపోతే, పిల్స్ మంచి ఎంపిక. కోపమే ప్రధానమైతే ఎస్ఎస్ఆర్ఐ.

నలభై దాటినవాళ్ళకు లెక్క కాస్త మారుతుంది. నెలసరి ఆగిపోవడానికి కొన్నేళ్ళ ముందు హార్మోన్ల ఎగుడుదిగుళ్ళు ఎక్కువవుతాయి. అంతకుముందు లేని పీఎంఎస్ కొత్తగా రావచ్చు, ఉన్నది పెరగవచ్చు. డేట్ కూడా సరిగ్గా రాదు కాబట్టి పద్నాలుగు రోజుల లెక్క కుదరదు, ఎస్ఎస్ఆర్ఐ వాడితే నెలంతా వాడాల్సి రావచ్చు. ఈ వయసులో పిల్స్ మొదలుపెట్టే ముందు బీపీ చూపించుకోవాలి. బ్లీడింగ్ ఎక్కువవుతుంటే, రెండు నెలసరుల మధ్య మరకలు కనిపిస్తుంటే, హోమియో గోళీలైనా కషాయాలైనా వేసుకుంటూ కూర్చోకుండా ముందు స్కానింగ్ చేయించుకోండి. విసుగు పుట్టి గర్భసంచి తీయించుకుంటే పీఎంఎస్ పోతుందని కొందరు అనుకుంటారు. అండాశయాలు ఉన్నంతకాలం ఆ హార్మోన్ల చక్రం సాగుతూనే ఉంటుంది. నెలసరి ఆగుతుందే తప్ప పీఎంఎస్ అలాగే ఉండిపోవచ్చు. దీని కోసమే ఆపరేషన్ అని ఎవరైనా చెబితే, సంతకం పెట్టే ముందు ఇంకో గైనకాలజిస్ట్ దగ్గర అభిప్రాయం తీసుకోండి.